ఆయన మీకేమవుతారు?

హలో… ఆ, నేనే. పొద్దున్నుంచి మీకు చేస్తున్నది నేనే.

…లేదండీ, పెట్టెయ్యకండి. ఏమీ అమ్మేవాణ్ణి కాదు. ఒక్క నిమిషం వినండి. ఇవాళ నాకు కొన్ని పనులున్నాయి, అవి చెప్తాను, నేనెందుకు చేశానో మీకే తెలుస్తుంది. ఒకాయన ఇంట్లో గ్యాస్ కట్టెయ్యాలి. ఫ్రిజ్‌లో పాలు పారబొయ్యాలి. కుళాయి కారుతోంది, దాని కింద పెట్టిన బకెట్టు తియ్యాలి. ఆయన తిండి పెట్టే వీధి పిల్లి గిన్నె తెచ్చి నా గుమ్మం ముందు పెట్టాలి. నీలం చొక్కా ఒకటి ఇస్త్రీ చేసి ఆసుపత్రి గేటు దగ్గర ఇవ్వాలి. చెప్పులు అక్కర్లేదన్నారు. తాళం వాచ్‌మన్‌కి అప్పజెప్పాలి… అన్నీ అయిపోయాయండీ. ఒక్కటే మిగిలింది. అది నా చేతిలో లేదు, మీ నోట్లో ఉంది.

…అవును. మీ అన్నయ్య గురించే.

…నిన్న సాయంత్రం. ఊపిరి అందలేదు. …లేదు, నేను పక్కన లేను. ఎవర్నీ రానివ్వడం లేదు లోపలికి. నర్సు ఫోన్ చేసి చెప్పింది. మీ నంబరు ఆయన ఫోన్లోనే ఉంది. 'చిన్నోడు' అని ఉంది.

…

ఉన్నారా?

…సరే. ముందు కూర్చోండి. కుర్చీ ఉందా? …మెట్ల మీదా? మెట్ల మీదెందుకు… ఓ. ఇంట్లో వినపడకూడదనా. సరే, అక్కడే కూర్చోండి. గోడకి ఆనుకోండి.

…నేనా? ఆయనకి ఎదురు బ్లాకు. మధ్యలో చిన్న సందు, బట్టలారేసే తీగలు. ఆయన బాల్కనీలో దగ్గితే నా వంటింట్లో వినపడుతుంది. …అవును, మన భాషే. ఈ ఊళ్ళో మన మాట మాట్లాడేది మేమిద్దరమే. నిన్నటి దాకా ఇద్దరం. ఇక నాతో నేనే మాట్లాడుకోవాలి, అందుకే మీ దగ్గర ఇంత వాగుతున్నానేమో, ఏమనుకోకండి.

హార్బరులో ఆయన టగ్గు నడిపేవారు. …టగ్గంటే, పెద్ద ఓడ రేవులోకి సొంతంగా రాలేదు కదండీ, చిన్న పడవొకటి తాడేసి లాక్కొస్తుంది. కొత్త అల్లుణ్ణి బావమరిది చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినట్టు, అనేవారు ఆయన. నేను అక్కడే డ్రాయింగ్ ఆఫీసులో. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. అందుకని మా వైపు ఎవరికి ఏ కాగితమొచ్చినా నా చేతికే వచ్చేది. ఇక్కడికొచ్చినా అదే రాత. నన్ను 'ఇంజినీరూ' అని పిలిచేవారు. ఇంజినీర్ని కానయ్యా, గీతలు గీసేవాణ్ణి అని ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టలేదు. ఆయన్నేమో నేను లంగరు అనేవాణ్ణి. ఎక్కడ కూర్చుంటే అక్కడే దిగబడిపోతారు, ఇక క్రేను తెచ్చి లేపాల్సిందే. టగ్గు నడిపినాయనకి లంగరని పేరు! …నవ్వారా? …దగ్గా. సరే.

ఇప్పుడు అసలు సంగతి. నేను మున్సిపాలిటీ ఆఫీసు బయట వరుసలో ఉన్నాను. నేల మీద సున్నాలు గీశారు, మనిషికో సున్నా. కాలు బయట పెడితే గార్డు విజిల్ వేస్తాడు. ఆ చివర అద్దం కిటికీ. ఈ సాయంత్రం దాకానే తెరిచి ఉంటుంది. నా వంతు రాగానే ఫోను అద్దం దగ్గర పెడతాను. లోపలాయన ఒకటే ప్రశ్న వేస్తాడు… చనిపోయినాయన మీకేమవుతారు? మీరు 'మా అన్నయ్య' అనాలి. అంతే. రెండు ముక్కలు.

…ఎందుకంటే, ఊరి వెనక గుట్ట మీద మీ వదిన ఉన్నారు. …ఆ, ఆవిడే. పోయి చాలా కాలమైంది. ఆవిడ పక్కన ఒక మనిషి పట్టే చోటు అట్టే పెట్టించుకున్నారు ఈయన. ఆదివారం ఆదివారం వెళ్ళి అక్కడ గడ్డి పీకేవారు. 'నా పక్క నేనే దులుపుకోవద్దూ' అనేవారు. కానీ ఈ జబ్బుతో పోయినవాళ్ళని సొంత చోట్లో పెట్టాలంటే రక్తం పంచుకున్నవాళ్ళు అడగాలట. లేదంటే రేపు తెల్లారగానే వ్యాను. ఊరి చివర ఇసుక తవ్వేసిన గుంటలున్నాయి. అక్కడ, అందరితో కలిపి. రాయి ఉండదు. పేరుండదు.

…నేను చెప్పకుండా ఉంటానా! ఇన్నేళ్ళ స్నేహితుణ్ణి, ఎదురింటివాణ్ణి, నేను అడుగుతున్నానన్నాను. చెల్లదన్నారు. గుట్ట మీద చోట్ల కోసం దొంగ తమ్ముళ్ళూ దొంగ కొడుకులూ పుట్టుకొస్తున్నారట. అందుకని కాస్త అనుమానం వచ్చినా కొట్టి పారేస్తున్నారు. ఒకసారి కొట్టేస్తే మళ్ళీ అడగడానికి లేదు. …ఆవిడ తరఫు వాళ్ళా? ఒక్కరూ మిగల్లేదు. పిల్లల్లేరు. ఇక మీరే.

…

…తెలుసండీ. ఆయన చెప్పారు. ఆవిణ్ణి చేసుకున్నందుకు మీ నాన్నగారు నలుగురిలో అన్న మాట కూడా చెప్పారు. 'నాకు ఒక్కడే కొడుకు' అని. …మీ చేత కూడా ఒట్టు వేయించుకున్నారా? ఆ సంగతి ఆయనకి తెలీదు. ఏమని? …'నాకు అన్న లేడు' అని. ఆ వయసులో. మీకెంత, ఇరవై కూడా ఉండవేమో.

…తండ్రి మాట. కాదనను. మా నాన్న మాట నేనూ జవదాటలేదు.

…ఎవరికీ చెప్పలేదా? మీ ఆవిడకి కూడా? …పిల్లలకి… అయ్యో. అంటే ఇన్నేళ్ళూ ఒక నిండు మనిషిని కడుపులో దాచుకుని తిరిగారు. బరువు కాదండీ అది? …ఏంటి? ఎవరో వచ్చారా? …కోడలుగారా. బ్యాంకు వాళ్ళనండి. అనండి, పర్వాలేదు, నేనేమీ అనుకోను.

…

…వెళ్ళారా? మంచిది. నన్ను బాగా కసిరారు, నిజంగా బ్యాంకు వాణ్ణయితే మళ్ళీ ఫోన్ చెయ్యను. కాస్త ఉండండి, వరుస కదిలింది, సున్నా మారాలి… ఆ. చెప్పండి.

…ఎలా బతికారనా. అడిగారు, సంతోషం. అడగరేమో అనుకున్నాను.

బాగానే బతికారండీ, ఈ రోగం వచ్చేదాకా. బీచి ఊరు కదా, పొద్దున్నే లేచి ఇసుకలో నడక, ఒక బెంచీ, ఆ బెంచీ మీద లంగరు. పైకి చూసి మబ్బు కనపడితే వాన ఎప్పుడొస్తుందో చెప్పేవారు. సగం సార్లు తప్పేది. 'నేను చెప్పింది నిజమే, మబ్బు మనసు మార్చుకుంది' అనేవారు. ఆ తర్వాత అన్నీ కట్టేశారు. బీచి మెట్లకి అడ్డంగా పసుపు టేపు. గాలికి అది తెగిపోతుంది, పోలీసు వచ్చి మళ్ళీ కడతాడు, మళ్ళీ తెగుతుంది. బెంచీలకి ప్లాస్టిక్ చుట్టేశారు. హోటళ్ళ కుర్చీలు బోర్లించి ఒకదాని మీద ఒకటి. మాలాంటి ముసలివాళ్ళకి పొద్దున కాసేపు నడక, అదీ రోడ్డు మీదే. రోడ్డు మీద నిలబడి సముద్రాన్ని చూడ్డమే. 'పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టుందోయ్' అనేవారు, 'దగ్గరికి పోనివ్వరు, మాట్లాడనివ్వరు, నచ్చిందా అని మాత్రం అడుగుతారు.'

…ఆ, మాటకారే. చిన్నప్పుడూ అంతేనా?

సరుకుల కొట్టుకి కూడా ముసలివాళ్ళకి వేరే సమయం పెట్టారు. ఊళ్ళో ముసలివాళ్ళందర్నీ ఒకే గంటలో ఒకే గుమ్మం ముందు పోగేసి, గుంపుగా ఉండకండీ అని మైకులో అరుస్తారు. మంగలి షాపు మూశారు. ఒకరి జుట్టు ఒకరు కత్తిరించుకున్నాం సందులో స్టూలేసుకుని. నా తల ఎలక కొరికిన బస్తాలా చేశారు. పైగా దూరం నుంచి చూసి, 'ఇంజినీరు ప్లాను ప్రకారమే వచ్చింది' అన్నారు. చదరంగం ఆడేవాళ్ళం, బాల్కనీ నుంచి బాల్కనీకి. బోర్డు ఆయన దగ్గర, నేను నోటితో చెప్పాలి. నా గుర్రం ఒకటి ఎప్పుడూ మాయమయ్యేది. అడిగితే క్వారంటైన్లో ఉందనేవారు.

…ప్రత్యేక విమానాలు వేశారండీ, మన వాళ్ళని తీసుకెళ్ళడానికి. నేనే ఆయనకి చెప్పాను, పేరిచ్చెయ్యమని. నేనెందుకు వెళ్ళలేదా? నాకు అక్కడ ఎదురుచూసేవాళ్ళు లేరు. అక్క ఉండేది, పోయింది. ఆయన్నడిగాను. నువ్వు వెళ్ళు లంగరూ, తమ్ముడున్నాడుగా అన్నాను. ఆయన చాలాసేపు బట్టలు ఆరేసుకుంటూనే ఉన్నారు. తర్వాత 'ఎవరి గుమ్మం ముందు దిగమంటావోయ్' అన్నారు. ఇక నేను ఆ మాట ఎత్తలేదు.

…మిమ్మల్ని పొడవడానికి చెప్పలేదండీ. అడిగారు కాబట్టి చెప్పాను.

…జ్వరం ఎలా వచ్చిందో తెలీదు. ఎప్పుడు వచ్చిందో కూడా తెలీదు, అదే బాధ. ఇక్కడ ఒంటరివాళ్ళం ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున లేవగానే బాల్కనీ కమ్మీ మీద తువ్వాలు వెయ్యాలి. తువ్వాలు కనపడితే మనిషి లేచాడని లెక్క. కనపడకపోతే ఎదుటివాడు వెళ్ళి తలుపు కొట్టాలి. పైనున్న ముసలమ్మ నన్ను చూస్తుంది, నేను ఆయన్ని చూస్తాను, ఆయన కింది వాటా దర్జీని చూస్తారు. ఇంట్లో పోయి ఎవరికీ తెలీకుండా ఉండిపోతామేమోనని భయం. మొదట్లో నవ్వులాటే. పొద్దున్నే తువ్వాలు దులుపుతూ, 'ఏమోయ్ ఇంజినీరూ, ఇంకా పోలేదా' అని అరిచేవారు. 'నీకంటే ముందు పోతే నువ్వు నా టీ పొడి డబ్బా కాజేస్తావు' అనేవాణ్ణి. అదే మా సుప్రభాతం.

ఒక రోజు అరుపు లేదు, చెయ్యి ఊపారు. గొంతు బాగాలేదని గొంతు మీద వేలు పెట్టి చూపించారు. సరేలే అనుకున్నాను. తర్వాత చెయ్యి కూడా లేదు. కానీ తువ్వాలుంది. రోజూ ఉంది. పడుకుని ఉంటాడు, బతికే ఉన్నాడుగా, తువ్వాలుందిగా అనుకున్నాను.

…అదేనండీ. సాయంత్రం దాన్ని తీశారో లేదో చూడాలని మాలో ఎవరికీ తోచలేదు. పొద్దున వెయ్యడం వరకే పద్ధతి. ఆ పద్ధతి పెట్టింది నేనే. తువ్వాలుకి జ్వరం రాదు, దగ్గు రాదు, దానికేం, కట్టినచోట పడి ఉంటుంది.

ఒక రోజు వాన పడింది. పొద్దున చూస్తే తువ్వాలు నీళ్ళోడుతూ వేలాడుతోంది. అప్పుడు తట్టింది నాకు. ఎంత బద్ధకస్తుడైనా వానలో తువ్వాలు వదిలెయ్యడు కదండీ. పరుగెత్తాను. వాచ్‌మన్ తాళం తీశాడు. మంచం దగ్గర నీళ్ళ సీసా ఉంది, మూత తియ్యలేకపోయారు, పళ్ళతో కొరికిన గుర్తులున్నాయి మూత మీద.

…వద్దంటే ఆపేస్తాను. …సరే. చెప్తాను.

స్ట్రెచర్ మీద దింపుతుంటే అడిగాను, ఏమయ్యా, ఒక్క కేక వెయ్యలేకపోయావా అని. 'వేస్తే వస్తావు' అన్నారు. అంతే. నాకు షుగరుంది, తెలుసు ఆయనకి. జ్వరం తగిలిన రోజే తువ్వాలుని కమ్మీకి ముడేసి వదిలేశారు. నేను చూసుకుని, బాగానే ఉన్నాడనుకుని, అటు రాకుండా ఉండాలని. ఆ ముడి విప్పడం నా వల్ల కాలేదండీ ఇవాళ. ఓడ తాడు ముడి అది. కత్తెరతో కోశాను.

…

…మళ్ళీ కదిలింది. ఒక్క క్షణం… ఆ, వస్తున్నానయ్యా, వస్తున్నా! …మీతో కాదు, గార్డుతో. సున్నాలోంచి మడమ బయటికొచ్చిందట. వాడి చూపు చురుకే.

…కోపం ఉంటుందండీ. ఎందుకుండదు? …అవును. మీ నాన్నగారి మంచమూ అమ్మగారి మంచమూ రెండూ మీరే చూశారు. …ఎత్తి కూర్చోబెట్టి, తినిపించి, అన్నీ. ఆయన ఇక్కడ సముద్రం గాలి పీల్చుకుంటూ… అవును, అలాగే అనిపిస్తుంది. నేను మీ స్థానంలో ఉంటే ఇంతకంటే పెద్ద మాటే అనేవాణ్ణి. వాదించను. ఎవరిది తప్పో తేల్చడానికి నేనెవర్ని, గీతలు గీసుకునేవాణ్ణి.

ఒక్కటి మాత్రం చెప్తాను. నమ్మితే నమ్మండి. మీ నాన్నగారు పోయినప్పుడు ఆయన వచ్చారు.

…వచ్చారండీ. కబురు ఎవరో చేరేశారు. మీ వీధి మలుపు దాకా వచ్చారు. అక్కడ సైకిళ్ళ షాపు ఉండేదటగా, దాని పక్కన నిలబడ్డారు. మీరు గుమ్మంలో ఉన్నారట, తల తుడుచుకోలేదట, నీళ్ళు కారుతున్నాయట. మీరు ఒక్కసారి తలెత్తి చూస్తే రోడ్డు దాటేద్దామనుకున్నారు. మీరు చూడలేదు. వెనక్కి వచ్చేశారు.

…ఏంటండీ?

…చూశారా.

…చూసి తల దించుకున్నారా.

…

…ఊరుకోండి. ఊరుకోండి తమ్ముడూ. తమ్ముడూ అంటున్నాను, ఏమనుకోకండి, నేను మీకంటే పెద్దవాణ్ణే. …ఆయనకి తెలీదు. చూడలేదనే అనుకున్నారు చివరిదాకా. 'వాడు చూసుంటే పిలిచేవాడు' అన్నారు నాతో. అలా అనుకునే పోయారు. అదే నయమేమో ఆయనకి. మీకు కాదనుకోండి.

…ఆవిడా? ఎలా ఉండేదని ఇప్పుడా అడగడం? …లేదు, అడగండి, అడగాల్సిందే. మీ వదినేగా. పొట్టి మనిషి, పెద్ద గొంతు. రేవులో కూలీలకి భోజనం వండే క్యాంటీన్లో పని. మన భాషలో ఆవిడకి వచ్చినవి రెండే మాటలు. 'తిన్నావా', 'చాల్లే'. ఈ రెంటితో ఎంత కాపురమైనా లాగెయ్యొచ్చని ఈయన అనేవారు. మొదటి మాటతో మొదలుపెట్టి రెండో మాటతో ముగించేస్తే గొడవే ఉండదని. …ఆ, ఇప్పుడు నవ్వారు. ఈసారి దగ్గు కాదు, నేను విన్నాను.

ఆవిడ పోయిన రోజు చూడాలి ఈయన్ని. గుట్ట మీద, అంతా అయిపోయాక, ఆ పక్క ఖాళీలో కాసేపు పడుకుని చూశారు. సరిపోతుందో లేదోనని. జనం చూస్తున్నారు, నేను సిగ్గుపడ్డాను. లేచి ప్యాంటు దులుపుకుని, 'సరిపోతుందోయ్' అన్నారు.

…

…చెప్తారా? నిజంగా? …ఇంట్లో తెలియక్కర్లేదండీ. ఈ ఆఫీసువాళ్ళు మీ ఇంటికేమీ పంపరు. మీరక్కడ మెట్ల మీద అంటారు, ఇక్కడ కిటికీలో ఆయన వింటాడు. మూడో మనిషికి తెలీదు. మీ నాన్నగారికి… ఏం చెప్పను, ఆయన ఉన్నచోట వాళ్ళిద్దరూ ఈపాటికి ఎదురుపడే ఉంటారు. వాళ్ళు వాళ్ళు తేల్చుకుంటారులెండి.

నా ముందు ఒకావిడ మాత్రమే ఉంది. ఒకసారి నాతో అని చూడండి. …ఊఁ. …కాస్త గట్టిగా, పక్కన జనరేటరు మోత. …ఆ! అదీ. ఇంకొకసారి. …బాగుంది. ఎన్నాళ్ళయింది ఆ మాట అని? …చూశారా, నోరు మర్చిపోలేదు.

ఆవిడ పని అయిపోయింది. నా వంతు. ఉండండి, పెట్టెయ్యకండి. నేను వాళ్ళ భాషలో లోపలాయనతో మాట్లాడి మీకు చెప్తాను, మీరన్నది ఆయనకి చెప్తాను.

నమస్కారం సార్. పొద్దున వచ్చాను, గుర్తుందా, టగ్గు నడిపినాయన గురించి. …తమ్ముడు దొరికాడు సార్. సొంత తమ్ముడు, లైన్లో ఉన్నాడు. …అలాగే సార్, స్పీకరు పెడుతున్నాను, ఇదిగో, అద్దానికి ఆనించాను. తమ్ముడూ, మీకే. సారు అడుగుతున్నారు. చనిపోయినాయన మీకేమవుతారు?

…

హలో? వినపడిందా? మళ్ళీ అడుగుతున్నాను. ఆయన మీకేమవుతారు?

…

ఒక్క క్షణం సార్. లైన్లోనే ఉన్నాడు. ఎవరో పిల్ల వచ్చింది దగ్గరికి, మనవరాలనుకుంటాను. 'తాతయ్యా, ఎవరితో' అని అడుగుతోంది, అంతే. చిన్నపిల్ల సార్. అది వెళ్ళగానే చెప్తాడు…

…

…తమ్ముడూ.

…సార్, అది మీతో అనలేదు. పాపతో అన్నాడు. …అవును సార్, 'రాంగ్ నంబర్' అనే అన్నాడు. …మీకు అర్థమైంది, నిజమే, ఆ ముక్క ఏ దేశంలోనైనా అదే. కానీ సార్, అది పాపకి చెప్పిన మాట, ఇంట్లో తెలీదు వాళ్ళకి, పెద్ద కథ సార్ అది… కాదు సార్, నేను ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చిన మనిషి కాదు. ఇప్పుడే, ఇక్కడ నిలబడే, నాతో అన్నాడు, 'మా అన్నయ్య' అని. రెండుసార్లు అన్నాడు. నేను విన్నాను. …నా మాట చెల్లదు. తెలుసు సార్, పొద్దున చెప్పారు. తమ్ముడూ! పాప వెళ్ళిందా? చెప్పండి, ఇప్పుడు చెప్పండి, సారు ఇంకా ఇక్కడే ఉన్నారు, గట్టిగా… సార్, చెప్తున్నాడు! వినండి, చెప్తున్నాడు సార్, అదిగో. సార్, ఆ తలుపు… ఒక్క నిమిషం… సార్…

…

…విన్నాను. విన్నానండీ. చాలు, ఇక అనకండి. నేనొక్కణ్ణే విన్నాను. కిటికీ వేసేశారు.

…కొట్టాను. విన్నారుగా, అద్దం మోగేదాకా కొట్టాను. లోపల లైటు ఆర్పేశాడు. గార్డు భుజం పట్టుకున్నాడు… పాపం, మెల్లగానే పట్టుకున్నాడు.

…రేపు కుదరదండీ. కొట్టేసింది కొట్టేసినట్టే. పైన చెప్పుకుందామంటే పై ఆఫీసరుకీ జ్వరమట, ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. వ్యాను తెల్లారేసరికి వచ్చేస్తుంది. మమ్మల్ని వెంట రానివ్వరు. నీలం చొక్కా వేశారో లేదో కూడా తెలీదు నాకు.

…నేను తిట్టను. నన్ను తిట్టమని అడగకండి, నాకు అంత ఓపిక లేదు. మనవరాలు గబుక్కున వచ్చి అడిగితే ఇన్నేళ్ళ అలవాటు ముందు నోటికొచ్చింది. మీరు అనుకుని అనలేదు. నాకు తెలుసు. …ఏడవకండి. పాప మళ్ళీ వస్తుంది.

…

…నేనా? ఇంటికే. ఆఫీసు దాటి, ఆ టేపు పక్క నుంచి నడుచుకుంటూ. ఎదురు బాల్కనీ వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళాలి, అది నేర్చుకోవాలి. రేపట్నుంచి దర్జీని కూడా నేనే చూడాలి, ఆయన్ని చూసే మనిషి పోయాడుగా.

తమ్ముడూ, ఒక్కటి అడుగుతాను. దీనికి వరుస లేదు, కిటికీ లేదు, ఎవరి ముందూ అనక్కర్లేదు. ఆయన్ని గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకుంటాను, కానీ నాకూ వయసైపోయింది, ఈ గాలిలో ఎవరు ఎన్నాళ్ళో చెప్పలేం. నా తర్వాత ఆయన్ని ఎరిగినవాళ్ళు భూమ్మీద మీరొక్కరే. ఆ గుంటల మీద రాయి కూడా ఉండదు కదా.

…ఏం గుర్తు పెట్టుకోవాలనా? చిన్నప్పటి మనిషి మీకు తెలుసు. తర్వాతి మనిషిని చెప్తాను, రెండూ కలుపుకోండి. నవ్వొస్తే ముందు భుజాలు ఎగిరేవి, చప్పుడు తర్వాత వచ్చేది. ఇంజను పక్కన నిలబడీ నిలబడీ ఎడం చెవి పోయింది. అందుకని ఎవరితో నడిచినా వాళ్ళని కుడి పక్కకి లాక్కునేవారు. టీలో చక్కెర వేసుకుని కలిపేవారు కాదు. చేదుగానే తాగి, ఆఖర్న అడుగున ఉన్న తీపంతా ఒక్క గుక్కలో… 

…ఏంటి? పాలల్లోనా? …అమ్మగారు తిట్టేవారా. …అడుగున మిగిల్చి మీకిచ్చేవారా. ఆ తీపి మీకు.

…నాకు చెప్పలేదండీ ఆ సంగతి. ఒక్కసారి కూడా చెప్పలేదు.

…చూశారా. అదే. ఆ గ్లాసు, ఆ తీపి. అదే గుర్తు పెట్టుకోండి. ఇంట్లో ఎవరికీ చెప్పకపోయినా సరే, మీ మనసులో… ఎవరో పిలుస్తున్నారు మిమ్మల్ని. వినపడుతోంది. వెళ్ళండి, కళ్ళు తుడుచుకుని వెళ్ళండి. …ఆ, సరే. ఆయన్ని మర్చిపోకండి తమ్ముడూ. ఇంకెవరూ లేరు ఆయనకి. మర్చిపో…

హలో?

…హలో?